ప్యూర్టో ఎస్కోండిడోలో ఇద్దరికి ఆరు రాత్రులు: ఏ బీచ్ దగ్గర దిగాలి, ఏ నీళ్లలో దిగకూడదు?

నిమ్మసోడా అడిగారు:

ఫిబ్రవరిలో ఇద్దరం పాత దోస్తులం మెక్సికోలో ప్యూర్టో ఎస్కోండిడోకి వెళ్దామనుకుంటున్నాం. వహాకా రాష్ట్రం, పసిఫిక్ తీరం. ఆరు రాత్రులు. ఊరంతా చుట్టేయాలన్న ఆరాటం లేదు. పొద్దున సముద్రం, మధ్యాహ్నం ఉయ్యాల మంచం, సాయంత్రం కబుర్లు, అంతే.

సలహాకి పనికొచ్చే వివరాలు ఇవి. ఒకరికి ఈత రాదు, మోకాళ్లు కూడా అంతంతమాత్రం. రెండోవారు శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా తినరు. ఒకరు ఇండియా పాస్‌పోర్ట్ మీద అమెరికాలో హెచ్‌1బీలో ఉన్నారు. పాస్‌పోర్ట్‌లోని వీసా స్టాంపు గడువు అయిపోయింది కానీ ఐ-797 వచ్చే ఏడాది దాకా ఉంది. రెండోవారికి పదేళ్ల బీ1/బీ2, అంటే అమెరికా సందర్శక వీసా, ఉంది.

సికతేలా బీచ్ ఎదురుగా ఒక హోటల్ ఫొటోల్లో చాలా బావుంది. తీసేసుకోవచ్చా? అదే తీరంలోని మసుంతే అనే ఊరికి కూడా రెండు రాత్రులు పంచాలా? తిండి సంగతేంటి? రాత్రిపూట నీళ్లు మెరిసే మడుగు ఉందంటారు, దానికి ఏ రోజు వెళ్లాలి?

---

కాగితంపులి:

హోటల్ తర్వాత, ముందు స్టాంపు సంగతి తేల్చుకోండి.

ఇండియన్ పాస్‌పోర్ట్‌కి మెక్సికో వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, జపాన్, యూకే, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని చెల్లుబాటయ్యే వీసా పాస్‌పోర్ట్‌లో ఉన్నా, ఆ దేశాల్లో శాశ్వత నివాసం (అమెరికా అయితే గ్రీన్‌కార్డ్) ఉన్నా విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు. మీ బీ1/బీ2 స్నేహితుడికి ఇబ్బంది లేదు. మెక్సికోలో ఉండే రోజులన్నీ ఆ వీసా గడువులోపే ఉండాలి, అంతే.

చిక్కు హెచ్‌1బీ ఆయనతోనే. ఐ-797 అనేది పిటిషన్ ఆమోదించామని చెప్పే కాగితం, వీసా కాదు. మెక్సికో వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఇక్కడ చాలామంది ఆటోమేటిక్ రీవాలిడేషన్ పేరు చెప్పి తికమకపడతారు. స్టాంపు గడువు అయిపోయినా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) చెల్లుతుంటే, మెక్సికోలోనో కెనడాలోనో 30 రోజుల్లోపు ఉండి తిరిగి అమెరికాలోకి రావచ్చన్నది ఆ నియమం. అది తిరిగొచ్చేటప్పటి మాట. మెక్సికోలోకి పోవడానికి అది పనికిరాదు. ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. కాబట్టి ఆయన దగ్గర్లోని మెక్సికన్ కాన్సులేట్‌లో విజిటర్ వీసా తీసుకోవాలి. అపాయింట్‌మెంట్లు ఆలస్యంగా దొరుకుతాయి, రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ఇంకొకటి, మెక్సికోలో ఉండగా అమెరికా వీసా స్టాంపింగ్‌కి దరఖాస్తు పెట్టుకుంటే ఆ 30 రోజుల వెసులుబాటు పోతుంది. పనిలో పనిగా స్టాంపింగ్ కూడా కానిచ్చేద్దాం అనుకుంటే మొత్తానికే మోసం వస్తుంది.

మెక్సికోలో దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసరు ఎన్ని రోజులిచ్చారో కౌంటర్ దగ్గరే చూసుకోండి. 180 గరిష్ఠం, హక్కేమీ కాదు. మీకు ఆరు రాత్రులే కాబట్టి తక్కువ ఇచ్చినా ఇబ్బంది లేదు. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి.

మెక్సికో సిటీలో విమానం మారుతుంటే రెండు విషయాలు. సామాను అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి, మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి. రెండోది, ఆ నగరానికి రెండు ఎయిర్‌పోర్టులు. పాతది ఎంఈఎక్స్, 2022లో తెరిచింది ఎన్‌ఎల్‌యూ. టికెట్లు విడివిడిగా కొంటే ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా పడే ప్రమాదముంది. ట్రాఫిక్‌లో ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లేసరికి రెండో విమానం వెళ్లిపోతుంది.

---

అలలలెక్క:

సికతేలా ఎదురుగా గది తీసుకోవద్దు. తీసుకుంటే చూడ్డానికే తీసుకోండి, దిగడానికి కాదు.

ఈ ఊళ్లో ఒక్కో బీచ్‌ది ఒక్కో స్వభావం. కిలోమీటరు దూరంలో పసిపిల్లలు ఆడుకునే నీళ్లూ ఉన్నాయి, ప్రపంచ ప్రసిద్ధ సర్ఫర్లు భయపడే నీళ్లూ ఉన్నాయి. సికతేలాని మెక్సికన్ పైప్‌లైన్ అంటారు. అక్కడ లోతు సముద్రం ఒడ్డుకి బాగా దగ్గరగా ఉంటుంది, దూరం నుంచి వచ్చే అల దారిలో బలం కోల్పోకుండా వచ్చి ఒడ్డు మీదే విరుగుతుంది. పెద్ద అలల కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. ఫిబ్రవరిలో కొంచెం నెమ్మది, కానీ ఆ నెమ్మదిని నమ్మకూడదు. మోకాలి లోతులో నిలబడి ఫోటో దిగుతున్నవాళ్లని కూడా పడగొట్టి, వెనక్కి పోయే నీటితో లాక్కుపోతుంది. ఇసుక వాలుగా ఉంటుంది, కాలు నిలవదు. ఎర్ర జెండా ఉంటే దరిదాపుల్లోకి పోవద్దు, పసుపు ఉన్నా ఈత రానివారు చీలమండ దాటి దిగొద్దు. సాయంత్రం ఇసుకలో వెనక్కి కూర్చుని సూర్యాస్తమయం చూడ్డానికి మాత్రం ఇంతకన్నా మంచి చోటు ఊళ్లో లేదు. ఫిబ్రవరిలో ఆరున్నర ప్రాంతంలో పొద్దుగూకుతుంది.

ఈతకి అందరూ చెప్పేది కరిసలీయో. గుర్రపు నాడాలా ముడుచుకున్న చిన్న కోవ్, పచ్చటి నీళ్లు, సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లకి సరిపడే చిన్న అలలు. కానీ కొండ మీంచి నూట అరవై దాకా మెట్లు దిగాలి. దిగడం సరే, మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో ఎక్కడం ఆ మోకాళ్లకి పరీక్ష. వెళ్తే ఉదయం ఎనిమిదికల్లా దిగి, పదకొండులోపు ఎక్కేయండి. మెట్లకి రెయిలింగ్ ఉంది, తడి చెప్పులతో మాత్రం జారతాయి.

మీ ఇద్దరికీ సరిపడేది ప్యూర్టో అన్‌హెలీతో, దాన్ని ఆనుకుని ఉన్న మాన్సనీయో. రెండు చిన్న బీచ్‌లు, మధ్యలో బండలు అడ్డం. అలలు దాదాపు ఉండవు, ఈత రానివారు నడుము లోతులో హాయిగా కూర్చోవచ్చు. మెట్లు తప్పించుకోవాలంటే ఊరి ప్రధాన బీచ్ ప్లాయా ప్రిన్సిపల్ నుంచి లాంచా, అంటే మోటారు పడవ, ఎక్కండి. మనిషికింత అని ఎక్కే ముందే మాట్లాడుకోవాలి, తిరిగి ఎన్నింటికి రావాలో కూడా అప్పుడే చెప్పాలి. దిగేది జెట్టీ మీద కాదు, నీళ్లలోకే. మోకాళ్ల దాకా తడుస్తారు, ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉండాలి. శని ఆదివారాల్లో స్థానిక కుటుంబాలతో కిటకిటలాడుతుంది, మామూలు రోజులు చూసుకోండి. అక్కడి తాటాకు పందిళ్ల కింద కుర్చీలు హోటళ్లవి. కూర్చునే ముందే కనీసం ఎంత ఆర్డర్ ఇవ్వాలో అడగండి. అడక్కుండా కూర్చుని లేచేటప్పుడు వాదులాడటం రోజూ జరిగే తంతు.

బకోచో పొడవాటి, ఖాళీ బీచ్. ఈతకి పనికిరాదు. సాయంత్రం అక్కడ తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమం ఉంటుంది. చేత్తో ముట్టుకోనివ్వరు, కొబ్బరి చిప్పలో పెట్టిస్తారు. చేతికున్న సన్‌స్క్రీన్, దోమల మందు వాటికి హాని. ఫ్లాష్ కూడా వద్దంటారు.

గది రింకొనాడాలో తీసుకోండి. కరిసలీయో పైన ఉండే వీధి, చదునుగా నడవొచ్చు, హోటళ్లు, కాఫీ కొట్లు ఉన్నాయి, రాత్రి పదికల్లా సద్దుమణుగుతుంది. లా పుంటా అనే పేట ఇరవై ఏళ్ల కుర్రాళ్లది. మట్టి రోడ్లు, దుమ్ము, తెల్లవార్లూ పాటలు. ఇద్దరు పాత స్నేహితులు ఒకరి మాట ఒకరు వినాలనుకుంటే అది చోటు కాదు.

గది బుక్ చేసేటప్పుడు రెండు ప్రశ్నలు రాసి పంపండి: ఏసీ ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు? వేడి ఎక్కువైతే ఊళ్లో కరెంటు పోవడం మామూలే. పైగా నీళ్లు మేడ మీద ట్యాంకులోంచి వస్తాయి. మోటారు ఆగితే గంటలో కుళాయి ఎండిపోతుంది.

---

కొండదారి:

వహాకా నగరం మీదుగా వెళ్లే ఆలోచన కూడా ఉంటే దారి సంగతి చెప్తాను. 2024 ఫిబ్రవరిలో బర్రాంకా లార్గా–వెంతనీయా హైవే తెరిచారు, 104 కిలోమీటర్లు. అంతకుముందు కొండ మలుపుల్లో ఆరేడు గంటలు పట్టేది, సగంమంది వాంతులు చేసుకుంటూ దిగేవారు. ఇప్పుడు వ్యాన్లో మూడు గంటల చిల్లర. నగరం 1,550 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కణ్ణుంచి కొండలు దాటి సముద్ర మట్టానికి దిగుతారు. చెవులు గుయ్యిమంటాయి, స్వెట్టర్‌తో ఎక్కి చెమటతో దిగుతారు. వర్షాకాలంలో కొండచరియలు పడి దారి మూసేస్తుంటారు. ఫిబ్రవరిలో ఆ బెడద తక్కువ. అద్దె కారైతే పగలే ప్రయాణం పెట్టుకోండి, దారిలో పెట్రోల్ బంకులు తక్కువ, బయల్దేరేటప్పుడే ట్యాంకు నింపేయండి.

మసుంతే గురించి అలలలెక్క గారు ఏమీ చెప్పలేదు. నా ఓటు రెండు రాత్రులకి. ప్యూర్టో ఇప్పుడు పట్నమైపోయింది. ఊరికే కూర్చోవడానికే వెళ్తున్నప్పుడు మసుంతేలాంటి చిన్న ఊరే నయం. పుంటా కొమేటా అనే కొండకొమ్ము మీంచి సూర్యాస్తమయం, అరగంట కాలిబాట. పక్కనే వెంతనీయా మడ అడవిలో చేతి తెడ్ల పడవ మీద తిప్పుతారు. మొసళ్లు, ఇగ్వానాలు, కొంగలు. మోకాళ్లకి పనే లేదు. (హైవే పేరులోని వెంతనీయా వేరు, ఇది వేరు. టాక్సీ డ్రైవర్‌కి మసుంతే పక్కది అని చెప్పండి.)

1990లో మెక్సికో తాబేళ్ల వేటని నిషేధించేదాకా ఈ తీరం బతికిందే ఆ మాంసం, చర్మం మీద. ఇప్పుడు అదే మసుంతేలో తాబేళ్ల పరిశోధన కేంద్రం, అక్వేరియం ఉన్నాయి.

---

అలలలెక్క:

కొండదారి గారూ, ఆరు రాత్రుల్లో రెండు చోట్ల పెట్టె విప్పడం, సర్దడం అంటే ఒకటిన్నర రోజు గోవిందా. పగటి ప్రయాణం చాలు.

వెళ్లే పద్ధతి: ప్యూర్టో నుంచి పొచూత్లా వైపు 200 నంబరు జాతీయ రహదారి మీద వెళ్లే వ్యానో బస్సో ఎక్కి, సాన్ అంతోనియో కూడలిలో దింపమని ముందే చెప్పాలి. అక్కణ్ణుంచి షేర్ టాక్సీ, లేదా వెనక బెంచీలు వేసిన పికప్ ట్రక్కు. దాన్ని కమియొనేతా అంటారు. మొత్తం గంటన్నర. ట్రక్కు వెనక ఎక్కడానికి అడుగు ఎత్తు ఎక్కువ, మోకాళ్ల ఆయన ముందు సీటు అడిగితే ఇస్తారు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పుంటా కొమేటా మీద సూర్యాస్తమయం చూసి చీకట్లో దిగేసరికి ట్రక్కులు ఉండవు. అందుకని ఉదయం దింపిన టాక్సీనే సాయంత్రం ఏడుకి రమ్మని మాట్లాడుకోండి. టార్చి తీసుకెళ్లండి, దారి రాళ్లమయం. మసుంతే పెద్ద బీచ్‌లో కూడా లాగుడు ఉంది. పడమటి చివర రింకొన్సీతో అనే మూల కొంత నయం, అక్కడా ఈత రానివారు ఒడ్డునే.

ఒకవేళ ఎవరినైనా నీళ్లు లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోయి మునిగేది అందుకే. తేలుతూ పక్కకి, ఒడ్డుకి సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక అలలతోపాటు రావాలి. ఎమర్జెన్సీ నంబరు 911.

---

ఆకుకూర:

శాకాహారికి వహాకా తిండి పైకి స్వర్గం. లోపల మాత్రం పందికొవ్వు ఉంటుంది.

ముఖ్యమైన మాట ఆసియెంతో. పంది చర్మం వేయించగా అడుగున మిగిలే గోధుమరంగు కొవ్వు ముద్ద అది. త్లయూదా అంటే పళ్లెమంత మొక్కజొన్న రొట్టె, దాని మీద ముందు పూసేది ఈ ఆసియెంతోనే, ఆ పైన నల్ల చిక్కుడు ముద్ద, క్యాబేజీ, చీజ్. మాంసం లేకుండా ఇవ్వమంటే మాంసం తీసేస్తారు, ఆసియెంతో ఉంటుంది. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. కాబట్టి విడిగా చెప్పాలి: 'సిన్ ఆసియెంతో'. అది చిక్కుడు ముద్దలా కనిపించదు. లేత గోధుమరంగులో, చల్లబడితే పేరుకున్న నెయ్యిలా రవ్వరవ్వగా ఉంటుంది. అనుమానమొస్తే రొట్టె అంచు ఎత్తి చూడండి.

చిక్కుళ్లు అడిగేటప్పుడు 'తియెనె మాంతెకా?' అనండి, పందికొవ్వు ఉందా అని. అన్నం తరచుగా కోడి రసంలో వండుతారు: 'కోన్ కాల్దో దె పోయో?'. మోలె పులుసుల్లోనూ ఎక్కువగా కోడి రసమే, మోలె వదిలేయడమే మేలు. వెజిటేరియన్ అని మాత్రమే చెబితే చేపనో రొయ్యనో తెచ్చిపెట్టే ప్రమాదముంది. ఒక చీటీ మీద మొత్తం రాసుకోండి: సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ కమరోన్, సిన్ వేవో, సిన్ మాంతెకా. వరుసగా మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు, పందికొవ్వు లేకుండా అని.

నిశ్చింతగా తినదగ్గవి: గుమ్మడిపూలు, కెసీయో చీజ్ పెట్టిన కెసదీయా. తెతేలా, అంటే చిక్కుడు ముద్ద నింపి మూడు మూలలుగా మడిచి పెనం మీద కాల్చిన మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్ల సంగతి అడిగాకే. నోపాలెస్, అంటే నాగజెముడు ఆకుల కూర, కాస్త బెండకాయలా జిగురుగా ఉంటుంది. మాంసం కాల్చిన పెనం మీదే మీదీ కాలుస్తారు, అది పట్టింపైతే రింకొనాడాలో, లా పుంటాలో శాకాహార హోటళ్లు చూసుకోండి. ఇంకా తేలిక మార్గం వంటగది ఉన్న గది. ఊరి పైభాగంలో బెనితో హువారెస్ మార్కెట్‌లో టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, వంకాయ, నల్ల చిక్కుళ్లు అన్నీ దొరుకుతాయి. ఉదయమే వెళ్లండి. రొట్టెలు కిలో లెక్కన వేడివేడిగా అమ్ముతారు.

హమైకా అనే ఎర్రటి షర్బత్ తాగి ఈ పులుపు ఎక్కడో తెలిసిందే అనుకుంటారు. అది గోంగూర మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్లు ఆ పువ్వు కింది ఎర్రటి రేకలు ఎండబెట్టి నానబెడతారు.

కుళాయి నీళ్లు తాగొద్దు, పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే. గదికి 20 లీటర్ల గర్రఫోన్, అంటే పెద్ద నీళ్ల క్యాన్, తెప్పించుకుంటే ఇద్దరికీ నాలుగైదు రోజులొస్తుంది.

చేపలు తినే ఆయనకి: పొద్దున్నే ప్లాయా ప్రిన్సిపల్‌కి పడవలు తిరిగొస్తాయి. మధ్యాహ్నం భోజనానికి వాచినాంగో అనే ఎర్ర చేప వెల్లుల్లి వేపుడు, సాయంత్రానికి పెస్కదీయాలు, అంటే చేప కూరి నూనెలో వేయించిన రొట్టె మడతలు.

---

నిమ్మసోడా:

అందరికీ నమస్కారాలు. సికతేలా హోటల్ మానేశాం, రింకొనాడా చూస్తున్నాం. కాన్సులేట్ అపాయింట్‌మెంట్ పని మొదలుపెట్టాం. డబ్బు ఎలా తీసుకెళ్లాలి? మెరిసే మడుగు సంగతి ఎవరూ చెప్పలేదు.

---

కాగితంపులి:

డాలర్లు కాదు, పెసోలే. బ్యాంకు లోపలి ఏటీఎంలో పగలు తీయండి. డబ్బు వచ్చే ముందు స్క్రీన్ మీద మీ కరెన్సీలోకి మార్చి చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకోవద్దు, మార్పిడి వద్దన్న బటన్ నొక్కండి. లావాదేవీ ఆగిపోదు, మీ బ్యాంకు రేటులో జరుగుతుంది. ఆ ఒక్క బటన్‌తోనే చాలా తేడా వస్తుంది. 500 నోట్లకి చిల్లర దొరకదు, సూపర్ మార్కెట్‌లో విడిపించుకుని లాంచాలకీ ట్రక్కులకీ 20, 50 నోట్లు ఉంచుకోండి. టాక్సీలకి మీటరు లేదు, తలుపు తీయకముందే రేటు తేల్చుకోవాలి. హోటళ్లలో టిప్ 10–15 శాతం.

కరెంటు 127 వోల్టులు, అమెరికా తరహా పిన్ను. ఇండియా నుంచి వచ్చే ఆయన అడాప్టర్ తెచ్చుకుంటే చార్జర్లకి చాలు.

---

అలలలెక్క:

మడుగు పేరు మనియాల్తెపెక్, ఊరికి పడమర దాదాపు 18 కిలోమీటర్లు. నీళ్లలోని సూక్ష్మజీవులు కదలిక తగిలితే నీలంగా వెలుగుతాయి. చంద్రుడుంటే ఏమీ కనిపించదు. ఏజెంట్లు పౌర్ణమి నాడు కూడా టికెట్ అమ్ముతారు, తిథి మీరే చూసుకోవాలి.

అమావాస్యకి అటూ ఇటూ మూడు నాలుగు రోజులు ఉత్తమం. కుదరకపోతే బహుళ పక్షం మేలు. బహుళ చవితి, పంచమి దాటాక చంద్రుడు తొమ్మిదిన్నర పైనే లేస్తాడు, పడవలు ఏడున్నరకి బయల్దేరతాయి కాబట్టి చీకటి సరిపోతుంది. శుద్ధ పక్షంలో తదియ దాటితే చంద్రుడు సాయంత్రమే ఆకాశంలో ఉంటాడు, దండగ. ఒక్క మెలిక ఉంది. అక్కడ రాత్రి ఎనిమిదంటే ఇండియాలో మర్నాడు ఉదయం ఏడున్నర. మన క్యాలెండర్ చూస్తే ఒక రోజు ముందుకి, ఆ ఉదయం తిథి చూడాలి.

పెద్ద వాన పడ్డాక మంచినీళ్లు కలిసి వెలుగు తగ్గుతుంది. ఫిబ్రవరిలో వానలు అరుదు కాబట్టి ఆ సమస్య రాకపోవచ్చు. నీళ్లలోకి దిగేవాళ్లు సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకోకూడదు. దిగనివారు పూర్తి చేతుల చొక్కా వేసుకోండి, గట్టున దోమలు మామూలుగా ఉండవు. పడవ అంచు మీంచి చెయ్యి ముంచి వేళ్లు ఆడించినా సరే, మణికట్టు దాకా నీలం నిప్పురవ్వలు కనిపిస్తాయి. ఈత రాదని ఆయన దీన్ని మానుకోవాల్సిన పనిలేదు, లైఫ్ జాకెట్ మాత్రం గట్టున ఉండగానే అడిగి వేసుకోవాలి. ఫోన్ కెమెరాకి ఈ వెలుగు సరిగా చిక్కదు, స్క్రీన్ వెలుతురు పక్కవాళ్ల కళ్లకి అడ్డం, జేబులో పెట్టేయండి.